మరణం లేని చట్టసభ, దాన్ని ప్రశ్నించిన సభ్యుడు

మూఢనమ్మకం అనగానే మనకి తాయెత్తులు, బాబాలు, జాతకాలు గుర్తుకొస్తాయి. రాజ్యాంగం పేరుతో నడిచే మూఢనమ్మకాలు కూడా ఉంటాయి. వాటికి పూజారులుండరు, న్యాయమూర్తులూ మంత్రులూ ఉంటారు. అలాంటి నమ్మకమొకటి తైవాన్‌లో 40 ఏళ్ళకి పైగా నడిచింది. దాన్ని లోపలి నుంచే ప్రశ్నించిన హువాంగ్ సిన్-చియే (1928-1999) గురించి తెలుగులో ఎవరైనా రాశారేమో నేను చూడలేదు. అందుకే ఈ వ్యాసం.

1948లో చైనా అంతటా ఎన్నికలు జరిపి శాసనసభని ఏర్పాటు చేశారు. సభ్యుల పదవీకాలం మూడేళ్ళు. మరుసటి ఏడు అంతర్యుద్ధంలో కమ్యూనిస్టులు గెలిచారు. చియాంగ్ కై-షేక్ నాయకత్వంలోని కువోమింటాంగ్ ప్రభుత్వం తైవాన్ ద్వీపానికి తరలిపోయింది. చట్టసభ కూడా వెంట వెళ్ళింది.

మూడేళ్ళు పూర్తయ్యాక ఎన్నికలు జరపాలి కదా? ప్రభుత్వం చెప్పిన తర్కం ఇది. "మేము చైనా మొత్తానికి ప్రభుత్వం. చైనా మొత్తంలో ఎన్నికలు జరపడం ఇప్పుడు వీలుకాదు. కనుక ప్రధాన భూభాగాన్ని తిరిగి గెలుచుకునేదాకా పాత సభ్యులే ఉంటారు." 1954లో రాజ్యాంగ న్యాయస్థానం దీనికి ఆమోదముద్ర వేసింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే జాతీయ సభది మరీ వింత. అక్కడ సభ్యుడు చనిపోతే 1947 ఎన్నికలో ఆయన తరువాత ఎక్కువ ఓట్లు వచ్చినాయన వచ్చి కూర్చునేవాడు. ఓడిపోయినవాడికి దశాబ్దాల తరువాత పదవి! జనం దీన్ని పదివేల ఏళ్ళ పార్లమెంటు అని వెక్కిరించేవారు.

ఇక్కడ గమనించాల్సింది ఈ వాదం కట్టుబాటు. "గెలుచుకునేదాకా" అన్న మాటకి గడువు లేదు. గడువు లేని మాట అబద్ధమని ఎప్పటికీ రుజువు చెయ్యలేం. ప్రళయం తేదీ చెప్పని జ్యోతిష్కుడు ఎప్పటికీ తప్పు కాడు కదా, ఇదీ అంతే. పైగా 1949 నుంచి 1987 దాకా సైనిక శాసనం అమల్లో ఉంది. కాబట్టి అడిగేవాడికి జైలు తప్పదు.

హువాంగ్ 1961లో తైపే నగర సభకి ఎన్నికయ్యాడు. చట్టసభలో ముసలివాళ్ళు చనిపోతూండడంతో 1969లో ప్రభుత్వం కొన్ని అదనపు స్థానాలకి ఎన్నికలు పెట్టింది. శాసనసభకి 11 మందిని ఎన్నుకున్నారు, వారిలో హువాంగ్ ఒకడు. అసలు తమాషా ఏమిటంటే ఈ 11 మందికి కూడా పాతవాళ్ళతో పాటే గడువు లేని పదవి దక్కింది. అంటే నోరు మూసుకుని కూర్చుంటే చాలు, జీవితాంతం శాసనసభ్యుడు. వ్యవస్థని సమర్థించడానికి ఆయన కంటే బలమైన కారణం ఎవరికుంటుంది?

ఆయన నోరు మూసుకోలేదు. 1975లో "తైవాన్ రాజకీయ సమీక్ష" పత్రికకి ప్రచురణకర్తగా ఉన్నాడు. అయిదు సంచికలతో ప్రభుత్వం దాన్ని ఆపించింది. 1979లో "ఫార్మోసా" పత్రిక వచ్చింది. కొత్త పార్టీలు పెట్టడం నిషేధం కాబట్టి ఊరూరా తెరిచిన పత్రిక కార్యాలయాలే పార్టీ కార్యాలయాల్లా పనిచేశాయి. ఆ ఏడాది డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, కావోసియుంగ్ నగరంలో సభ పెట్టారు. పోలీసులకీ జనానికీ ఘర్షణ జరిగింది. తరువాత నాయకుల్ని వరసగా పట్టుకున్నారు. హువాంగ్ అరెస్టుకి శాసనసభే అనుమతినిచ్చింది.

1980లో సైనిక న్యాయస్థానం ఆయనకి 14 ఏళ్ళ శిక్ష వేసింది. సహ నిందితుడు లిన్ యి-సియుంగ్ నిర్బంధంలో ఉండగానే ఆయన తల్లినీ, కవల కూతుళ్ళనీ ఇంట్లో హత్య చేశారు. హంతకుడెవరో నేటికీ తేలలేదు. విచారణలో హువాంగ్ తరఫున వాదించిన యువ న్యాయవాది పేరు చెన్ షుయి-బియాన్.

1987లో విడుదలయ్యాడు. అప్పటికే, 1986లో, డెమొక్రాటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ పుట్టింది. 1988లో దానికి అధ్యక్షుడయ్యాడు. 1990 మార్చిలో విద్యార్థులు తైపేలో బైఠాయించి పాత సభని రద్దు చెయ్యమన్నారు. హువాంగ్ అధ్యక్షుడు లీ తెంగ్-హుయిని కలిసి చర్చించాడు, లీని మెచ్చుకున్నాడని సొంత పార్టీ వాళ్ళ చేత మాటలు కూడా పడ్డాడు. అదే ఏడాది జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం తన పాత మాటని తానే పక్కన పెట్టి 1991 డిసెంబరు 31లోగా పాత సభ్యులందరూ దిగిపోవాలని తీర్పిచ్చింది. 1948లో ఎన్నికైన సభ్యులు 43 ఏళ్ళ తరువాత ఇంటికి వెళ్ళారు.

1992 డిసెంబరులో మొత్తం 161 స్థానాలకీ ఎన్నికలు. హువాంగ్ సులువైన చోటు వెతుక్కోలేదు, కువోమింటాంగ్ కంచుకోట అయిన హువాలియెన్‌లో నిలబడ్డాడు. 62 ఓట్లతో ఓడిపోయినట్టు ప్రకటించారు. లెక్క సరిచూస్తే ఓటు పత్రాలు తీసుకున్నవాళ్ళ కంటే పెట్టెల్లో పత్రాలు 736 ఎక్కువ ఉన్నాయి!

రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసిన నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. ఇచ్చిన సరుకు కంటే వాడిన సరుకు ఎక్కువైతే పుస్తకంలో ఏదో అబద్ధం ఉన్నట్టే. దానికి సిద్ధాంతం అక్కర్లేదు, కూడిక చాలు. 1993లో ఆ స్థానం హువాంగ్‌కి దక్కింది. లెక్కే లేకుండా వచ్చిన జీవితకాలపు పదవి కంటే లెక్క తేల్చి తెచ్చుకున్న ఈ పదవి విలువైనదని నా అభిప్రాయం.

ఇదంతా ఎక్కడో తైవాన్ గొడవ అనుకోకండి. ఎమర్జెన్సీలో, 1976లో, మన లోక్‌సభ కూడా ఎన్నికలు వాయిదా వేసి తన గడువుని తానే పొడిగించుకుంది. "పరిస్థితులు చక్కబడేదాకా" అన్న మాటే అక్కడా ఇక్కడా. అధికారంలో ఉన్నవాళ్ళు "దాకా" అన్నప్పుడల్లా "ఏ తేదీ దాకా?" అని అడగాలి. తేదీ చెప్పలేకపోతే అది విధానం కాదు, విశ్వాసం.

హువాంగ్ 1999 నవంబరు 30న చనిపోయాడు. మరో నాలుగు నెలలు కూడా గడవకుండానే, 2000 మార్చిలో, ఆయన పార్టీ మొదటిసారి అధ్యక్ష పదవి గెలిచింది. గెలిచినవాడు ఒకప్పుడు ఆయన తరఫున వాదించిన చెన్ షుయి-బియాన్. ఎనిమిదేళ్ళ తరువాత, 2008లో, అదే పార్టీ ఓడిపోయి పదవి దిగింది. నా దృష్టిలో గెలుపు కంటే ఈ దిగిపోవడమే హువాంగ్ పోరాటానికి అసలైన రుజువు.