తెలుగు జోలపాట – శిశునిద్ర: ఒక చారిత్రక పరిశీలన

తెలుగు జానపద గేయాల అధ్యయనంలో జోలపాటకు స్థానం లభించి చాలాకాలమైంది. వేటూరి ప్రభాకరశాస్త్రి 'బాలభాష'లో పిల్లల పాటలను సేకరించారు. బిరుదురాజు రామరాజు పరిశోధన 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము'గా వెలువడిన తరువాత ఈ పాటలకు విశ్వవిద్యాలయ స్థాయిలో గౌరవం స్థిరపడింది. అయితే జోలపాటలోని వాత్సల్యం, భక్తి, ఛందస్సు విమర్శకులను ఆకర్షించినంతగా దాని ప్రయోజనం ఆకర్షించలేదు. జోలపాట బిడ్డను నిద్రపుచ్చడానికి పుట్టింది. ఆ పాట ఎటువంటి నిద్రను ఊహించింది, ఆ నిద్రకు ఎవరిని బాధ్యులను చేసింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

శిశునిద్ర గురించిన ప్రాచీన భారతీయ ఆలోచన వైద్యగ్రంథాలలో కనిపిస్తుంది. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం శిశువు నివసించే గదిని, పడకను వర్ణిస్తుంది. పక్కబట్టలు మెత్తగా, తేలికగా, శుభ్రంగా, సువాసనతో ఉండాలనీ, చెమట, మలమూత్రాలు అంటినవాటిని తొలగించాలనీ చెబుతుంది. ఏడ్చే బిడ్డను లొంగదీయడానికి రాక్షస పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టరాదని కూడా అదే అధ్యాయం నిషేధిస్తుంది. సుశ్రుతసంహిత శారీరస్థానం పదవ అధ్యాయం బిడ్డను ఒంటికి సుఖంగా ఉండేట్లు ఎత్తుకోవాలనీ, గద్దించరాదనీ, నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా లేపరాదనీ విధిస్తుంది. ఈ విధులన్నీ పెద్దలకు వర్తించేవే. శిశువు నేర్చుకోవలసిన నియమం వీటిలో ఒక్కటీ లేదు. 'బూచాడు వస్తాడు' అని బెదిరించి పిల్లలను పడుకోబెట్టే అలవాటు తెలుగునాట నేటికీ ఉంది. కాబట్టి శాస్త్రం చెప్పినదంతా ఇళ్లలో ఆచరణగా ఉండేదని అనుకోవడానికి వీలులేదు.

లిఖిత సాహిత్యంలో జోలపాట ఎక్కువగా దేవుని పాటగా నిలిచింది. త్యాగరాజు (1767–1847) ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో లాలి, ఊయల, పవళింపు పాటలు ఉన్నాయి. తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ శ్రీనివాసుని ఊయల వంటి పాన్పుపై పవళింపజేసేటప్పుడు తాళ్లపాకవారి లాలి పాడే సంప్రదాయం ఉంది. ఇంటి పాటా గుడి పాటా ఒకే మాటలను పంచుకున్నాయి. ఇంటి బిడ్డ పాటలో రాముడో కృష్ణుడో అవుతాడు. గుడిలోని దేవుడు పాటలో పసిబిడ్డ అవుతాడు. ఈ సామ్యం వల్లనే ఇంటి జోలపాటను కూడా భక్తిగేయంగా చదవడం అలవాటైంది.

కాని రెండు నిద్రలకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. దేవుని నిద్రకు వేళ ఉంది. ఏకాంతసేవతో మొదలై సుప్రభాతంతో ముగుస్తుంది. పసిబిడ్డ నిద్రకు అటువంటి వేళ లేదు. తొలి వారాల్లో శిశువు రెండు మూడు గంటలకొకసారి పాలకోసం మేల్కొంటుంది. రాత్రికీ పగటికీ తేడా తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది. నిద్రించే శిశువుల కదలికలను గమనించిన షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ ఆ కదలికలు దాదాపు 50–60 నిమిషాలకొకసారి ఆవృత్తమవుతాయని 1955లో ప్రకటించారు. అంటే శిశునిద్ర స్వభావంలోనే తెగుతూ అతుకుతూ సాగేది.

ఇంటి జోలపాట నిర్మాణం ఈ నిద్రకు తగినట్లుగానే ఉంది. 'జోజో', 'లాలి' అన్న పదాలు ప్రతి చరణం చివరా తిరిగి వస్తాయి. చరణాల వరుస మారినా పాట చెడదు. ఇంకొకటి చేర్చవచ్చు, ఒకటి వదలవచ్చు. మాటలు తట్టకపోతే కూనిరాగంతో కొనసాగించవచ్చు. బిడ్డ కన్ను మూసినప్పుడు పాట ఆగుతుంది, మళ్లీ కదిలినప్పుడు ఆగినచోటు నుంచి మొదలవుతుంది. అచ్చులో ఈ పాటలు అసంపూర్ణంగానో పునరుక్తితోనో కనిపించడానికి ఇది ఒక కారణం. సాహిత్య దృష్టికి లోపంగా తోచేది పనిదృష్టికి గుణం. ఈ విధంగా చూస్తే జోలపాట వాత్సల్యానికే గాక, రాత్రులు మేల్కొన్న వ్యక్తి శ్రమకు కూడా సాక్ష్యం.

ఆ శ్రమకు తీరిక లేనిచోట ఏమి జరిగిందో కూడా చరిత్ర నమోదు చేసింది. పొలం పనులకు వెళ్లే తల్లులు గట్టున చెట్టుకొమ్మకు చీర ఊయల కట్టి, పనిమధ్యలో వచ్చి ఊపేవారు. మిల్లులో ఆ అవకాశం లేదు. బొంబాయి మిల్లులలో పనిచేసే స్త్రీలు పసివాళ్లను నిద్రపుచ్చడానికి నల్లమందు పెట్టేవారన్న విషయాన్ని 1931లో వెలువడిన రాయల్ లేబర్ కమిషన్ నివేదిక ప్రస్తావించింది. తెలంగాణ నుంచి వలసవెళ్లిన నేత కుటుంబాలవారు కూడా పనిచేసిన మిల్లులవి. తల్లి చేతులు యంత్రానికి అంకితమైనప్పుడు పాట స్థానంలోకి మత్తు వచ్చింది. శిశునిద్ర తల్లి ప్రేమకు మాత్రమే సంబంధించిన విషయం కాదనీ, ఆమె పనివేళలకు కూడా సంబంధించినదనీ దీనివల్ల స్పష్టమవుతుంది.

దాదాపు ఇదే యుగంలో పాశ్చాత్య దేశాలలో మరొక మార్పు వచ్చింది. అమెరికన్ శిశువైద్యుడు ఎల్. ఎమెట్ హోల్ట్ 1894లో తల్లులకోసం, దాదులకోసం ప్రశ్నోత్తర రూపంలో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. బిడ్డను ఊపడం అనవసరమైన అలవాటనీ, అలవాటుకొద్దీ ఏడ్చే బిడ్డను ఏడ్చి ఆగేవరకు విడిచిపెట్టాలనీ అందులో చెప్పాడు. పాలకూ నిద్రకూ వేళలు నిర్ణయించాడు. సుశ్రుతుడు పెద్దలకు నియమం పెట్టాడు; హోల్ట్ శిశువుకు పెట్టాడు. తరువాతి కాలపు నిద్ర శిక్షణ పద్ధతులు హోల్ట్ కాఠిన్యాన్ని చాలావరకు సడలించినా, అలవాటు మార్చుకోవలసినది శిశువేనన్న భావనను విడిచిపెట్టలేదు. బిడ్డ రాత్రి మేల్కొంటే అది తల్లి వైఫల్యమన్న నింద ఈ భావన నుంచే బలపడింది. ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దక్క పంచుకున్న ఊయల పని చిన్న కుటుంబంలో ఒక్కరి మీద పడినప్పుడు ఆ నింద మరింత బరువవుతుంది.

నేటి శాస్త్రం ఈ రెండు దృష్టులలో దేనినీ పూర్తిగా సమర్థించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు నెలల లోపు శిశువుకు రోజుకు 14–17 గంటలు, నాలుగు నుంచి పదకొండు నెలల శిశువుకు 12–16 గంటలు నిద్ర అవసరం. ఈ లెక్కలో పగటి కునుకులు కూడా చేరి ఉన్నాయి. ఒకే కొలతకు బదులు అవధులను చెప్పడం గమనార్హం. మరోవైపు, సంప్రదాయాన్ని ప్రమాణంగా తీసుకోవడానికి కూడా పరిమితి ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పసిపిల్లలను బోర్లా పడుకోబెట్టవద్దని 1992లో సూచించింది. తరువాతి సంవత్సరాలలో ఆ దేశంలో శిశువుల ఆకస్మిక నిద్రామరణాల రేటు సగానికి పైగా తగ్గింది. బిడ్డ వెల్లకిలా ఉందో బోర్లా ఉందో జోలపాట చెప్పదు. అది భద్రతకు ప్రమాణం కాజాలదు.

జోలపాట చెప్పగలిగింది వేరే ఉంది. నిద్ర తెగినప్పుడు బిడ్డ దగ్గర ఒక మనిషి ఉండాలన్నది దాని నిర్మాణంలోనే ఇమిడి ఉంది. ఇప్పటి సంకలనాలు పాటల మాటలను భద్రపరచాయి. ఎవరు, ఏ వేళ, ఎంతసేపు, ఏ పని మానుకొని పాడారన్న వివరాలు వాటిలో అరుదు. ఇకముందు జోలపాటలను సేకరించేవారు ఈ వివరాలను కూడా నమోదు చేస్తే, తెలుగు ఇళ్లలో బిడ్డలు ఎలా నిద్రపోయారన్న చరిత్రతో పాటు, వారికోసం ఎవరెవరు మేల్కొన్నారన్న చరిత్ర కూడా వెలుగులోకి వస్తుంది.