గోధుమ పండని ఊళ్ళో గోధుమ జబ్బు

మొన్న మాఘమాసంలో పటమటలో మా పిన్ని వాళ్ళ గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం అయిపోయింది, ప్రసాదం పంచుతున్నారు. గిన్నె నా ముందుకొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ప్రసాదం వద్దనకూడదురా! ఇప్పుడేగా కథ విన్నావు, కళావతికి ఏమైందో" అంది పిన్ని.

విన్నాను. కళావతి ప్రసాదం తినకుండా పరిగెత్తితే మొగుడి పడవ మునిగింది. నా విషయంలో తిరకాసు ఏంటంటే, తింటే మునిగేది నా పడవే. అది గోధుమరవ్వ ప్రసాదం, నాకున్నది సీలియాక్ జబ్బు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. అది కడుపులో పడితే నా రోగనిరోధక వ్యవస్థ తిరగబడి నా చిన్నపేగునే కొడుతుంది. పేగు లోపల సన్నటి వేళ్ళలాంటివి ఉంటాయి, తిన్నదాన్ని ఒంటికి పట్టించేవి అవే. అవి అరిగి చదునైపోతాయి. ఇది అలర్జీ కాదు, ఫ్యాషన్ డైటింగ్ అంతకన్నా కాదు. దీన్ని నయం చేసే మందంటూ లేదు. ఆ ప్రొటీన్‌ని జన్మంతా మానెయ్యడమే వైద్యం.

నేను పక్కా బెజవాడ వాణ్ణి. ఇంజనీరింగ్ అయ్యేదాకా ఇంటి అన్నమే. ఉద్యోగం గుర్గావ్‌లో వచ్చింది. పొద్దున పరాఠా, మధ్యాహ్నం రోటీ, రాత్రి ఫుల్కా. రెండో ఏడు నుంచి విరేచనాలు, నీరసం. తొమ్మిది కిలోలు తగ్గాను, హిమోగ్లోబిన్ ఎనిమిదికి దిగింది. సెలవు పెట్టి ఇంటికొస్తే ఇక్కడ చూపించుకున్న చోట "కారం, మసాలా తగ్గించు, తేలిగ్గా బ్రెడ్డూ పాలూ తీసుకో" అన్నారు. పాపం అమ్మ రెండు వారాలు దగ్గర కూర్చుని మరీ బ్రెడ్డు తినిపించింది. అంటే నిప్పుకి కిరసనాయిలు పోశామన్నమాట. ఆఖరికి ఢిల్లీలో ఒకాయన రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేయించి తేల్చారు. "మాకిది మామూలే, మీ దక్షిణాది వాళ్ళలో అరుదు" అన్నారు నవ్వుతూ.

బగ్ దొరికాక అది ఎప్పుడు, ఎలా దూరిందో పాత లాగులు తిరగేయడం మన వృత్తిధర్మం కదా. నేనూ అదే పని చేశాను.

ఈ జబ్బు వర్ణన సుమారు రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు అరెటియస్ రాతల్లోనే ఉంది. పేరు కూడా కడుపుకి సంబంధించిన గ్రీకు మాట నుంచే వచ్చింది. ఆధునిక కాలంలో దీన్ని స్పష్టంగా గుర్తించినవాడు లండన్ డాక్టర్ శామ్యూల్ గీ. 1887లో ఉపన్యాసం ఇచ్చి 1888లో అచ్చు వేశాడు. నయమయ్యేదుంటే అది ఆహారం వల్లే అన్నాడు. ఇంతవరకూ శభాష్. తర్వాత ఏం చెప్పాడో తెలుసా? అన్నం పనికిరాదట, పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టె మేలట! అంటే సరిగ్గా తిరగేసి చెప్పాడు. జ్వరమొస్తే అన్నం మాన్పించి బ్రెడ్డు పెట్టే మన అలవాటు గుర్తొచ్చి, చదువుతూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అనే డాక్టరు పిల్లలకి అరటిపళ్ళ పథ్యం పెట్టాడు. రొట్టె బంద్. పిల్లలు తేరుకున్నారు. మహిమంతా అరటిపండుదే అనుకున్నాడాయన. నయమైందిగా అని కొన్నాళ్ళకి రొట్టె మళ్ళీ మొదలెట్టనిచ్చేవాడు. సర్వర్ రీస్టార్ట్ చేస్తే పనిచేసింది కాబట్టి బగ్ పోయిందనుకోవడం లాంటిదే ఇది. మనలో చెయ్యనివాడెవడు?

అసలు దొంగని పట్టింది విలెమ్ డికె, హాలండ్‌లో పిల్లల డాక్టరు. 1944-45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణ కింద ఆ దేశంలో కరువొచ్చింది, జనం తులిప్ దుంపలు కూడా తిన్నారు. రొట్టె దొరకని ఆ రోజుల్లో సీలియాక్ పిల్లలు మాత్రం బాగుపడ్డారని, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారని కథగా చెబుతారు. కథ బావుంటుంది గానీ, డికెకి గోధుమ మీద అనుమానం 1930ల నుంచే ఉంది. 1941లోనే గోధుమ లేని పథ్యం గురించి రాశాడు. గోధుమ పెట్టి, మానేసి, మళ్ళీ పెట్టి, ప్రతిసారీ కొలతలు తీసుకుని 1950లో తన సిద్ధాంత గ్రంథంలో రుజువు చేశాడు. కరువు ఆయన అనుమానాన్ని గట్టిపరిచింది, అంతే.

మరి మన వైపు సంగతి? గోధుమకి చలి కావాలి. మన డెల్టాలో ఆ చలీ లేదు, ఆ పంటా లేదు. 1832-33 గుంటూరు కరువు తర్వాత, 1852-55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు, ఇక్కడ పని నడిపించింది కెప్టెన్ ఆర్. కాలవలు పారాయి, వరి విస్తరించింది. ఆ ఆనకట్ట 1952 వరదకి తెగితే, 1957 నాటికి ప్రకాశం బరాజు వచ్చింది. కాలవ ఎక్కని మెట్ట ఊళ్ళలో జొన్న, సజ్జ, కొర్ర. గమనించండి: వరి, జొన్న, సజ్జ, కొర్ర, రాగి, మినుము, పెసర... దేంట్లోనూ గ్లూటెన్ లేదు. మా అమ్మమ్మ చిన్నప్పుడు గోధుమ కనబడేది రెండే సందర్భాల్లోనట, సత్యనారాయణ వ్రతం, జ్వరం. ఉప్మా అంటే బియ్యపు నూకతో చేసే ఉప్పిండే.

తర్వాత ఒక్కో తలుపూ తెరుచుకుంది. 1956లో అమెరికాతో పీఎల్-480 ఒప్పందం, ఓడల్లో గోధుమలు. బళ్ళలో కేర్ వాళ్ళ గోధుమ నూక. ఆపైన హరిత విప్లవంతో పంజాబ్ గోధుమ. బొంబాయి రవ్వ ఉప్మా పొద్దుటి టిఫిను అయింది. షుగర్ వచ్చినవాళ్ళకి రాత్రి చపాతీ అన్నారు. మైదా వచ్చి బజ్జీలో, పరోటాలో, బేకరీ పఫ్‌లో కూర్చుంది. అందరం ఇష్టపడే తిన్నాం. అందులో తప్పేం లేదు, నూటికి తొంభైతొమ్మిది మందికి గోధుమ మంచి తిండే.

ఇక్కడే అసలు విషయం. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో మన దేశంలో 23,331 మంది పెద్దవాళ్ళని పరీక్షించారు. సీలియాక్ ఉత్తరాదిలో వెయ్యికి 8.53 మందిలో ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి 0.11. జన్యువులు తేడానా అంటే, కాదు. ఈ జబ్బుకి అవకాశమిచ్చే జన్యువులు రెండు చోట్లా దాదాపు ఒకే నిష్పత్తిలో ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. రోజుకి గోధుమ ఉత్తరాదిలో సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. నేను బెజవాడలో రైలెక్కి 25 నుంచి 455లోకి దిగానన్నమాట. ఆ జన్యువున్న ప్రతివాడికీ జబ్బు రాదు, చాలామందికి రాదు. కానీ జన్యువు మన ఊళ్ళోనూ తరతరాలుగా ఉంది, కొత్తగా వచ్చింది గోధుమే. డాక్టర్లకి కనబడని జబ్బు గుర్తుకురాదు, గుర్తుకురానిది పరీక్షకి వెళ్ళదు. నాకు పోయిన ఏడాదిన్నర అక్కడే పోయింది.

ఇప్పుడెలా ఉన్నానంటే, బరువు తిరిగొచ్చింది, రక్తం పట్టింది. మొదట్లో పిజ్జా పోయిందని ఏడ్చాను. తర్వాత చూసుకుంటే ఇడ్లీ, పెసరట్టు, మినపసున్నుండ, పులిహోర, సెనగపిండితో చేసే బందరు లడ్డు, అన్నీ నావే. అమ్మమ్మ కంచం మొత్తం నాదే. అయితే ఇది మరీ తీపికథేం కాదు. పెసరట్టులో ఉప్మా పెడితే పోయింది. బందరు హల్వా గోధుమపాలతో చేస్తారు, పోయింది. పునుగుల పిండిలో మైదా కలిపారేమో అడగాలి. అన్నిటికన్నా దొంగదెబ్బ ఇంగువది. బజారులో దొరికే కలుపుడు ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. పులిహోర తిని రెండు రోజులు పడకేశాక తెలిసిందది. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వెయ్యాలంటే మన దేశ నిబంధనల ప్రకారం కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. పెళ్ళి భోజనాల్లో గరిటె మీద ఏ నిబంధనా ఉండదు. వడ్డించేవాళ్ళని అడిగీ అడిగీ "ఏంట్రా ఇన్ని వేషాలు" అనిపించుకోవడమే మిగిలింది.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఎంతకీ తగ్గని విరేచనాలు, ఐరన్ మాత్రలకి లొంగని రక్తహీనత ఉంటే, "సీలియాక్ పరీక్ష చేద్దామా" అని మీరే అడగండి. పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు.

అన్నట్టు, పిన్ని గిన్నె అలాగే పట్టుకుని నిలబడి ఉంది కదా. మా గొడవంతా విన్న పంతులుగారు, పీట మీద నుంచి లేవకుండానే తీర్పు చెప్పారు. "గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండి వాడొచ్చని ఆ కథలోనే ఉందమ్మా. మొదటి అధ్యాయంలో. ఎవరూ వినరు."

నిజమే, ఎన్నిసార్లు కూర్చున్నానో, నేనూ ఎప్పుడూ వినలేదు. కథ రాసినవాళ్ళకి గోధుమ దొరకని ఊళ్ళుంటాయని తెలుసు. మనమే మర్చిపోయాం.

పిన్ని ఏం మాట్లాడకుండా లోపలికెళ్ళింది. గంట తర్వాత ఒక చిన్న గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. బియ్యపు రవ్వ, బెల్లం, నెయ్యి, యాలకులు. "మూకుడు కొత్తదేరా, గరిటె కూడా కడిగాను" అంది.

కళ్ళకద్దుకుని తిన్నాను.