టెలివిజన్ తెరపై గీతల లెక్క

రేడియో కొనువారు దాని స్వరము విని కొందురు. టెలివిజన్ కొనబోవువారికి మాత్రము అంగడిలో ముందుగా ఒక అంకె వినబడును. ఇది 1080 గీతలది, అది 2160 గీతలది, ఆవలిది 4320 గీతలది అని అమ్మువాడు చెప్పును. అంకెతోపాటు వెలయును పెరుగును. ఆ హెచ్చు వెలకు తగిన హెచ్చు సుఖము ఇంటికి వచ్చునా యన్నది గృహస్థుల సందేహము. ఈ సందేహము నేటిది కాదు. టెలివిజన్ వయస్సెంతయో దీని వయస్సును అంతయే. కావున సమాధానమును చరిత్రలోనే వెదకుదము.

టెలివిజన్ బొమ్మ ఛాయాచిత్రము వలె ఒక్కమారుగా ఏర్పడునది కాదు. నేతగాడు పేకపోగులను ఒకదాని ప్రక్క నొకటి వేసి వస్త్రము నేయునట్లు, బింబమును అడ్డగీతలుగా కూర్చి తెరపై నిలుపుదురు. పోగు సన్నమైన కొలది బట్ట నాణ్యము హెచ్చును. గీతలు హెచ్చిన కొలది బొమ్మ తేటపడును.

స్కాట్లండు దేశీయుడగు జాన్ లోగీ బెయిర్డు 1929లో బి.బి.సి. ప్రేషక యంత్రము ద్వారా పంపిన బొమ్మకు ఉన్నవి 30 గీతలే. ఒక ముఖమును పోల్చుకొనుటకు అవి చాలెను. ఒక జనసమూహమును చూచుటకు చాలవయ్యెను. 1935లో బ్రిటిష్ ప్రభుత్వ సంఘ మొకటి, బొమ్మకు 240 గీతలకు తక్కువ ఉండరాదని సిఫారసు చేసెను. ఆనాడు 'అధిక స్పష్టత' యన్న మాటకు అర్థము అదియే!

1936 నవంబరు 2న లండనులోని అలెగ్జాండ్రా పాలెస్ నుండి ప్రసారములు ప్రారంభమైనవి. ఒక వారము బెయిర్డు పద్ధతిని 240 గీతలు. మరు వారము మార్కొనీ-ఇ.ఎం.ఐ. పద్ధతిని 405 గీతలు. బెయిర్డు పద్ధతిలో చాలవరకు దృశ్యమును ముందు ఫిల్ముపై పట్టి, వెనువెంటనే కడిగి, పిదప ప్రసారము చేయవలసివచ్చెడిది. రెండవ పక్షము వారి ఎలక్ట్రానిక్ కెమెరాకు ఆ బంధము లేదు. 1937 ఫిబ్రవరిలో బెయిర్డు పద్ధతిని విడిచిపెట్టిరి. అప్పటి పెట్టె వెల 100 గినీలకు అటునిటుగా నుండెను. రెండు పద్ధతులకును పనికివచ్చునట్లు మీట అమర్చిన పెట్టెలను కొన్నవారికి, మూడు నెలలు దాటీ దాటకముందే ఆ మీట నిరర్థకమయ్యెను.

గెలిచిన 405 గీతల పద్ధతి మాత్రము దీర్ఘాయువైనది. 1964లో బి.బి.సి. రెండవ కార్యక్రమము 625 గీతలతో వచ్చినప్పుడు, అది కావలెనన్నవారు క్రొత్త పెట్టె కొనవలసివచ్చెను. అయినను పాత పెట్టెల వారిని నడివీధిలో విడువలేదు; 405 గీతల ప్రసారములు 1985 వరకు సాగినవి.

ఫ్రాన్సు వారి కథ మరియొక పాఠము. 1948లో వారు ఏకముగా 819 గీతలను తమ ప్రమాణముగా నిర్ణయించిరి. బొమ్మ నిస్సందేహముగా దివ్యమైనది. కాని గీతలు హెచ్చిన కొలది ఆకాశమున ఆ ప్రసారమునకు హెచ్చు చోటు కావలెను. ఐరోపాలో ఇతరులు 7, 8 మెగాహెర్ట్జులలో సరిపెట్టుకొనుచుండగా దీనికి దాదాపు 14 కావలసివచ్చెను. ఇరుగుపొరుగు దేశములలో అధికభాగము 625 గీతల త్రోవను బట్టినవి. తుదకు 1964లో ఫ్రాన్సు సైతము తన రెండవ కార్యక్రమమునకు 625 గీతలనే స్వీకరించెను. 1980ల తొలినాళ్లలో 819 గీతలు అస్తమించినవి.

జపాను వారు 1964 టోకియో ఒలింపిక్ క్రీడల పిదప పరిశోధన సాగించి, 1125 గీతల పద్ధతిని సాధించిరి. 1991లో దినమునకు ఎనిమిది గంటల ప్రసారము ప్రారంభమైనది. లక్షల యెన్లు పోసి తొలి పెట్టెలను కొన్నవారు కలరు. కాని ఇంతలో డిజిటల్ విధానము ప్రపంచమును ఆక్రమించుటచే, 2007లో ఆ ప్రసారము నిలిచిపోయినది.

మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగాత్మకముగా మొదలైనది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా కార్యక్రమములు అందినవి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. తెలుగు కార్యక్రమములును కలవు. ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు వంటి ఏరియల్, ఒక్క నలుపు తెలుపుల పెట్టె, దాని ముందు ఊరి జనము! ఆ వెనుక వరుసల వారికి 625 గీతలును కనబడియుండవు. వారికి కావలసినది తమ భాష, తమ పంట, తమ బిడ్డల చదువు.

ఇక కంటి శక్తిని గూర్చి చెప్పవలెను. ఆరోగ్యవంతమగు కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కంటె సన్నని ఎడమును విడదీసి చూడజాలదు. ఈ లెక్కను 1080 గీతల తెరకు, దాని ఎత్తునకు మూడు రెట్లకు మించిన దూరమున కూర్చుండిన, గీతలు కన్నునకు ఆనవు. 43 అంగుళముల తెర ఎత్తు ఇంచుమించు 21 అంగుళములు. అనగా అయిదున్నర అడుగులు దాటిన పిమ్మట 1080కిని 2160కిని భేదము తెలియుట కష్టము. మన ఇండ్లలో మంచము పెట్టెకు ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరముననే యుండును. 4320 గీతల మేలు పూర్తిగా దక్కవలెనన్న, 65 అంగుళముల తెరకైనను రెండడుగుల చేరువన కూర్చుండవలెను!

పైగా తెరపై గీతలున్నంత మాత్రాన ప్రసారములో అవి రావు. దూరదర్శన్ ఉచిత ప్రసారములలో అధికభాగము 576 గీతలవే. పెట్టె తక్కిన గీతలను ఊహించి పూరించును గాని, లేని వివరమును సృష్టింపజాలదు.

అట్లని 2160 గీతల తెరను నిందించుట మా అభిమతము కాదు. నేడు పెద్ద తెరలలో తక్కువ గీతలవి దొరకుటయే అరుదు. ఇంటర్నెట్ ద్వారా చిత్రములు చూచువారికి, పెద్ద తెరకు చేరువగా కూర్చుండువారికి అది తగినదే. అయితే గీతలకొరకే అదనముగా వెచ్చింపవలదు. కొనుటకు ముందు ఇంటిలో కొలబద్దతో దూరము కొలువుడు. ఆ ఇంటికి వచ్చు ప్రసారమెట్టిదో విచారింపుడు. అంగడిలో నలుపు నిజముగా నలుపుగా నున్నదో లేదో చూడుడు. పలుచని పెట్టెలలో స్వరమును పలుచనగుట కద్దు. రేడియోకు అలవడిన మీ చెవులతో దానిని పరీక్షింపుడు. మిగిలిన సొమ్ముతో ఒక మంచి స్పీకరు కొనిన, అవ్వకు వార్తలలోని ప్రతి మాటయు స్పష్టముగా వినబడును.