పిడి అసెండర్

పిడి అసెండర్ అనగా నిలువుగా వేలాడే తాడును పట్టుకొని పైకి ఎక్కడానికి వాడే చేతిపిడి గల లోహ సాధనం. గుహాన్వేషకులు, పర్వతారోహకులు, ఎత్తైన కట్టడాలపై పనిచేసేవారు, గాలింపు దళాలవారు దీనిని వాడుతారు. ఇది తాడు మీద పైకి మాత్రమే జరుగుతుంది. బరువు పడితే కిందికి జారక పట్టుకొని నిలుస్తుంది. తొలిసారి విస్తృతంగా అమ్ముడైన నమూనా పేరు జుమార్ కావడం వలన అన్ని రకాలనూ జుమార్ అనే పిలవడం వాడుకలోకి వచ్చింది. భారతదేశపు పర్వతారోహణ సంస్థలలో తాడు ఎక్కే పనిని కూడా 'జుమారింగ్' అనే అంటారు.

1958 నుండి నేటి వరకు ఈ సాధనం అనేక రూపాలు ధరించింది. పాత నమూనాలను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి చూసేవారు ఐరోపా, అమెరికాలలో ఉన్నారు. ఇది నాణేలు, తపాలా బిళ్ళల సేకరణ వంటి వినోదం మాత్రమే కాదు. లోతైన బిలంలోకి తాడుతో దిగినవారికి తిరిగి పైకి రావడానికి ఆ తాడే దారి. ఆ దారిలో పట్టు తప్పితే రెండవ అవకాశం ఉండకపోవచ్చు. కాబట్టి ఒక నమూనాకు, దాని తరువాతి నమూనాకు మధ్య కనిపించే ప్రతి చిన్న తేడా వెనుక సాధారణంగా ఒక ప్రమాదమో, ప్రమాద భయమో ఉంటుంది.

పనిచేసే విధానం

అసెండర్‌లో ముఖ్యమైన భాగాలు మూడు: చట్రం, కామ్, భద్రతా మీట. చట్రానికి ఒక పక్క దోనె వంటి గాడి ఉంటుంది. తాడు ఆ గాడిలో కూర్చుంటుంది. దానికి ఎదురుగా ఇరుసుపై తిరిగే ఉక్కు ముక్క కామ్. ఇరుసు నుండి దీని అంచు దూరం క్రమంగా పెరుగుతూ పోతుంది. అంచుపై కిందివైపు వాలిన చిన్న చిన్న పళ్ళు ఉంటాయి. సాధనాన్ని పైకి నెట్టినపుడు పళ్ళు తాడు మీద జారిపోతాయి. కిందికి లాగినపుడు పళ్ళు తాడును పట్టుకొంటాయి, ఆ రాపిడికి కామ్ తిరిగి తాడును గాడికి మరింత గట్టిగా అదుముతుంది. లాగే బరువు పెరిగిన కొద్దీ పట్టు పెరుగుతుంది. స్ప్రింగు పని కామ్‌ను మొదట తాడుకు ఆనించడం మాత్రమే. మనిషి బరువును మోసేది స్ప్రింగు కాదు. తాడు తనంతట తాను బయటికి రాకుండా, కామ్ పూర్తిగా తెరుచుకోకుండా భద్రతా మీట అడ్డుపడుతుంది.

బరువే పట్టును ఇస్తుందన్న సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు నడుముకు మోకు, పాదాలకు గుజి వేసుకొని, ఒకదానిపై బరువు ఉంచి రెండవదానిని పైకి జరుపుతాడు. తాడు ఎక్కేవారు చేసేది కూడా ఇదే. అయితే ఇక్కడ చెట్టు లేదు, వేలెడు మందం కూడా లేని తాడు మాత్రమే ఉన్నది.

గుహాన్వేషణలో ఎక్కువగా వాడే 'కప్ప పద్ధతి'లో రెండు అసెండర్లు కావాలి. పిడి లేని చిన్నదానిని రొమ్ము వద్ద హార్నెస్‌కు బిగిస్తారు. పిడి గలదానిని చేతితో పట్టుకొంటారు, దాని కింద పాదాల ఉచ్చు వేలాడుతుంది. మోకాళ్ళు ముడిచి చేతిదానిని పైకి జరిపి, ఉచ్చులో నిలబడితే రొమ్ము వద్దది దానంతట అదే తాడు వెంట పైకి జరుగుతుంది. తిరిగి కూర్చుంటే బరువు దానిపై పడుతుంది. కప్ప ఈదినట్లు ఉండడం వలన ఈ పేరు వచ్చింది. చేతి అసెండర్‌ను కేవలం పాదాల ఉచ్చుతో వదలక, హార్నెస్‌కు కూడా విడిగా ఒక తాడుతో కలపడం తప్పనిసరి. ఒకటి విఫలమైతే రెండవది మనిషిని ఆపాలి.

చరిత్ర

యంత్ర సాధనాలకు ముందు ముడులే ఆధారం. ఆస్ట్రియాకు చెందిన సంగీతోపాధ్యాయుడు, పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రకటించిన ముడి అతని పేరుతోనే ప్రసిద్ధమైనది. సన్నని తాడు ఉచ్చును పెద్ద తాడు చుట్టూ చుట్టి బరువు వేస్తే బిగుసుకొంటుంది, బరువు తీస్తే జరపవచ్చు. ఖర్చు తక్కువ, బరువు అత్యల్పం. కాని తడిసిన తాడు మీద, చేతులు కొంకర్లు పోయిన వేళ, ప్రతి అడుగుకూ ముడిని వదులు చేసి జరపడం బహు శ్రమ. 1930లలో ఫ్రాన్సులో హెన్రీ బ్రెనో 'కోతులు' అనే పేరుతో లోహ సాధనాలను తయారుచేశాడు. వీటిని ఫ్రెంచి గుహాన్వేషకులు వాడారు.

జుమార్ పుట్టుక గుహలలో కాదు, గద్దల గూళ్ళ వద్ద జరిగినది. స్విట్జర్లాండుకు చెందిన అడాల్ఫ్ యూసి ప్రభుత్వం కొరకు గద్దలను అధ్యయనం చేస్తుండగా కొండ చరియల మీద తాడుతో మాటిమాటికీ ఎక్కవలసి వచ్చేది. అతని అవసరం కొరకు వాల్టర్ మార్టి ఒక సాధనాన్ని రూపొందించాడు. ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలను కలిపి జుమార్ అని పేరు పెట్టారు. 1958లో ఇది మార్కెట్టులోకి వచ్చింది. 1960లలో అమెరికాలోని యోసెమిటీ లోయలో పెద్ద శిలాకుడ్యాలను ఎక్కేవారు, ఐరోపాలో ఆల్ప్స్ పర్వతారోహకులు దీనిని స్వీకరించారు.

అదే కాలంలో గుహాన్వేషణలో ఒంటితాడు పద్ధతి బలపడింది. అంతకు మునుపు లోతైన బిలాలలోకి తాటి నిచ్చెనలు, ఇనుప తీగ నిచ్చెనలు మోసుకుపోయేవారు. 1966 డిసెంబరులో మెక్సికోలోని గొలోండ్రినాస్ బిలంలోకి అమెరికా గుహాన్వేషకులు తొలిసారి దిగారు. తక్కువ ఎత్తున్న అంచు నుండి కొలిచినా దాని లోతు సుమారు 333 మీటర్లు. అంత లోతుకు నిచ్చెన వేయడం ఊహకు అందని పని. దిగడం ఒక ఎత్తు, అంత తాడును తిరిగి ఎక్కడం ఒక ఎత్తు.

1968 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫెర్నాండ్ పెట్జల్, బ్రూనో డ్రెస్లర్ గుహల కొరకే ప్రత్యేకించి అసెండర్లను, దిగే సాధనాలను తయారుచేయడం ప్రారంభించారు. 1975లో పెట్జల్ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ కేంద్రమైన క్రోల్ అనే ఊరి పేరునే రొమ్ము అసెండర్‌కు పెట్టారు. వేల్స్‌లో క్లాగ్, అమెరికాలో సి.ఎం.ఐ., ఇటలీలో కాంగ్ మొదలైన సంస్థలు తమ తమ నమూనాలు తెచ్చాయి. అమెరికాలో వచ్చిన గిబ్స్ అసెండర్‌కు పిడి లేదు, పని తీరు కూడా వేరు. దానిలో బరువు చట్రం మీద కాక నేరుగా కామ్ తోక మీద పడుతుంది. తాడుకు తొడగాలంటే పుల్ల తీసి భాగాలు విడదీయాలి. బురదలో నమ్మకంగా పనిచేస్తుందని దానికి పేరు.

పోలికలో గమనించే అంశాలు

అన్నిటికంటే ముందు చూడవలసినది చట్రం తయారైన తీరు. జుమార్ చట్రం పోతపోసిన అల్యూమినియం. పోతలో ఏ ఆకారమైనా తేలికగా వస్తుంది, చేతికి నిండుగా ఉంటుంది. కాని పోత లోహం పెళుసు. లోపల గాలి బుడగలు ఉన్నా పైకి కనిపించవు. రాతి మీద పడి చిట్లినా ఒక్కొక్కసారి తెలియదు. అందువలన కొందరు ఆరోహకులు పిడి అడుగు భాగాన్ని నమ్మక, పట్టీని చట్రపు పై భాగం చుట్టూ కూడా తిప్పి కట్టుకొనేవారు. సేకరణలలోని పాత జుమార్లను పరిశీలిస్తే ఈ పట్టీ ఒరసిన గుర్తులు కొన్నింటిపై కనిపిస్తాయి. పెట్జల్ రకం చట్రాన్ని అల్యూమినియం రేకును వంచి చేస్తారు. వంచగలిగిన లోహానికి సాగే గుణం ఉంటుంది. అధిక బరువు పడితే విరగడానికి ముందు వంగి హెచ్చరిస్తుంది. సి.ఎం.ఐ. వారిది మూడవ మార్గం: అచ్చు రంధ్రం గుండా నెట్టి తీసిన మందపాటి అల్యూమినియం కడ్డీని కోసి చట్రంగా మలచారు. గట్టిదనంలో దీనికి మంచి పేరున్నది, బరువులో మాత్రం చెడ్డపేరే. గుహలో ప్రతి వస్తువునూ తిరిగి పైకి మోయవలసినది మనిషే కదా! ఇటీవలి పెట్జల్ పిడి అసెండర్ బరువు 165 గ్రాములు.

పళ్ళ విషయంలో అందరూ మెచ్చే పరిష్కారం ఇంకా లేదనే చెప్పాలి. పళ్ళు పొడవుగా, వాడిగా ఉంటే బురద తాడును, మంచు పట్టిన తాడును బాగా పట్టుకొంటాయి. అవే పళ్ళు తాడు పై అల్లికను త్వరగా అరగదీస్తాయి. పళ్ళ సందులలో బంకమన్ను నిండితే కామ్ నునుపుగా మారి జారిపోతుంది. ఇందుకు విరుగుడుగా తరువాతి నమూనాలలో కామ్ మధ్య ఒక చీలిక ఇచ్చారు, మన్ను దానిలోంచి బయటికి పోతుంది. ఒకే సంస్థ చేసిన రెండు కామ్‌లను పక్కపక్కన ఉంచి, ఒకదానికి చీలిక ఉండి మరొకదానికి లేకపోవడం చూస్తే మధ్య కాలంలో నేర్చిన పాఠం బోధపడుతుంది.

భద్రతా మీటను ఒక్క బొటనవేలితో, చేతి తొడుగులు ఉండగా తీయగలగాలి. కాని రాతికి ఒరుసుకొన్నపుడు అది తనంతట తాను తెరుచుకోరాదు. ఈ రెండు కోరికలు ఒకదానికొకటి విరుద్ధం. ఎడమ చేతికి, కుడి చేతికి వేర్వేరు అసెండర్లు ఉండడానికి కూడా ఈ మీటే కారణం. కొందరు తయారీదారులు తికమక లేకుండా రెంటికీ వేర్వేరు రంగులు వేస్తారు.

చట్రం పైభాగాన ఉండే రంధ్రం చూడటానికి అల్పమైనదే. తాడు నిలువుగా కాక ఏటవాలుగా సాగినపుడు అసెండర్ పక్కకు ఒరిగి, తాడు గాడిలోంచి బయటికి నెట్టుకొని వచ్చే ప్రమాదం ఉన్నది. పై రంధ్రంలో కారబినర్ తొడిగి తాడును కూడా దానిలో చేరిస్తే ఈ ఒరగడం ఆగుతుంది. కాబట్టి రంధ్రం ఉన్నదా, కారబినర్ పట్టేంత వెడల్పు ఉన్నదా, అంచులు గుండ్రంగా ఉన్నాయా అనేవి పోలికలో తప్పక నమోదు చేయవలసిన విషయాలు.

బలం, దాని హద్దులు

పళ్ళ అసెండర్ బలాన్ని తాడు బలంతో సమానమని భావించడం తరచుగా జరిగే పొరపాటు. గుహలలో వాడే సాగని తాళ్ళలో 'ఎ' రకం కనీసం 22 కిలోన్యూటన్ల బలం కలిగి ఉండాలని ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 1891 చెబుతున్నది. అసెండర్లకు వర్తించే ఇ.ఎన్. 567 ప్రమాణంలో పరీక్షా భారం 4 కిలోన్యూటన్లు, అనగా సుమారు 400 కిలోల బరువు. సుమారు 4 నుండి 6 కిలోన్యూటన్ల మధ్య పళ్ళు తాడు పై అల్లికను చీల్చివేయడం మొదలుపెడతాయి. నిదానంగా ఎక్కే మనిషి బరువుకు ఇది చాలినంత. కాని తాడు వదులుగా ఉండగా దాని మీద పడితే, ఒక్క మీటరు పతనమైనా ఈ హద్దును దాటించవచ్చు. అందుకే కట్టు కంటే పైకి ఎక్కి అసెండర్ మీద ఆధారపడరాదని శిక్షణలో మొదటే చెబుతారు.

సాధనం చక్కగా ఉన్నా తాడు చక్కగా లేకపోతే ఫలితం ఉండదు. 1966 మార్చి 22న ఆల్ప్స్ పర్వతాలలోని ఐగర్ ఉత్తర కుడ్యం మీద అమెరికా పర్వతారోహకుడు జాన్ హార్లిన్ ముందుగా కట్టి ఉంచిన తాడును అసెండర్లతో ఎక్కుతుండగా, 7 మిల్లీమీటర్ల ఆ తాడు తెగి మరణించాడు. తెగినది తాడే. అసెండర్‌ను తాడు నుండి విడదీసి, ఒంటరిగా తూచే పోలికలు ఎంత అసంపూర్ణమో ఈ సంఘటన చూపుతుంది. తాడు మందం, కొత్తదనం, తడి, మన్ను ఇవన్నీ చెప్పకుండా 'ఈ నమూనా బాగా పట్టుతుంది' అనే మాటకు విలువ తక్కువ.

వేగాన్ని పోల్చడానికి మాత్రం ఒక స్థిరమైన వేదిక ఉన్నది. అమెరికాలోని నేషనల్ స్పెలియోలాజికల్ సొసైటీ వార్షిక సమావేశాలలో 30 మీటర్లు, 120 మీటర్లు తాడు ఎక్కే పోటీలు జరుగుతాయి. ముడులతో ఎక్కేవారికి, యంత్ర సాధనాలతో ఎక్కేవారికి విభాగాలు వేరు.

సేకరణ

సేకరణకు వచ్చే వస్తువులు ఎక్కువగా గుహాన్వేషణ సంఘాల పాత సామాను గదుల నుండి, విరమించిన ఆరోహకుల సంచుల నుండి వస్తాయి. జుమార్లు జతగా అమ్ముడయ్యేవి కనుక ఎడమ, కుడి రెండూ ఒకే కాలానివి దొరికితే విలువ ఎక్కువ. బూడిద రంగు జుమార్లు ముందువి, పసుపు రంగువి తరువాతివి. కాలాన్ని నిర్ణయించడానికి చట్రంపై కొట్టిన అంకెలు ఉపయోగపడతాయి. పెట్జల్ సంస్థ చాలా కాలం వాడిన వరుసలో మొదటి రెండు అంకెలు సంవత్సరాన్ని, తరువాతి మూడు అంకెలు ఆ సంవత్సరంలో ఎన్నవ రోజో తెలుపుతాయి. ఉదాహరణకు 03 తరువాత 032 ఉంటే అది 2003 ఫిబ్రవరి 1న తయారైనది. సి.ఇ. ముద్ర ఉంటే ఆ వస్తువు 1990లకు ముందుది కాదు.

పాత యజమాని అదనంగా తొలిచిన రంధ్రం, ఆకురాయితో అరగదీసిన అంచు, చుట్టిన టేపు వంటివాటిని లోపాలుగా భావించి సరిచేయరాదు. వాడుకరి తన భయాన్ని తానే సరిదిద్దుకొన్న ఆనవాలు అది. కొన్నిసార్లు అదే మార్పు తరువాతి నమూనాలో తయారీదారు స్వయంగా చేసినట్లు కనిపిస్తుంది. అరిగిన కామ్‌ను మార్చి కొత్తది వేస్తే వస్తువు అందంగా ఉంటుంది కాని సాక్ష్యం పోతుంది.

సేకరించిన వస్తువులను వాడకపోవడం మంచిది. అల్యూమినియంలోని సన్నని బీటలు కంటికి కనిపించవు, పాత స్ప్రింగుల బలం తెలియదు, వస్తువు ఎన్నిసార్లు కింద పడినదో చెప్పేవారు ఉండరు. వాడకూడనిదని చీటీ కట్టి, వాడే సామానుకు దూరంగా ఉంచడం సేకర్తలలో ఆనవాయితీ. ఒకే సంచిలో కలిసిపోయిన పాత అసెండర్ ఒకటి పొరపాటున గుహలోకి వెళ్ళడం ఎంతమాత్రం అసాధ్యం కాదు.

భారతదేశంలో వాడుక

డార్జిలింగులోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశిలోని నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లలో స్థిరంగా కట్టిన తాడును జుమార్‌తో ఎక్కడం శిక్షణలో భాగం. ఎవరెస్టు మార్గంలో కూడా ఇదే పద్ధతి. తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుండి ఎవరెస్టును ఎక్కారు. వీరి తొలి శిక్షణ భువనగిరి కోట బండ మీద జరిగినది.

గుహల విషయానికి వస్తే, ఆంధ్ర ప్రదేశ్‌లోని బెలూం, బొర్రా గుహలలో సందర్శకులు మెట్ల మీద దిగుతారు కనుక అసెండర్ అవసరం రాదు. మేఘాలయ సున్నపురాతి గుహలలో నిలువు బిలాలు ఉన్నాయి. అక్కడి అన్వేషణ యాత్రలలో ఒంటితాడు పద్ధతి, దానితోపాటు పిడి అసెండర్ వాడుకలో ఉన్నాయి.