శనివారం చివరి పీరియడు

మన బడి తొలి బ్యాచీల వాళ్లకు శనివారం చివరి పీరియడు గుర్తుండే ఉంటుంది. మా ఐదో తరగతి మాస్టారు బైండు చేయించిన పాత చందమామలు ఇంటి నుంచి తెచ్చి ‘తోకచుక్క’ చదివి వినిపించేవారు.

అంతకుముందు నీతులు నిండిన నవలొకటి మొదలుపెట్టారు. రెండు వారాలకే వెనక బెంచీలు కునుకు తీశాయి. ఆయన మమ్మల్ని తిట్టలేదు, పుస్తకం మార్చారు.

ఆ ఎంపిక ఎందుకు ఫలించిందో ఇప్పుడు తెలుస్తోంది. 1954లో మొదలైన ఆ నవల నెలకొక భాగంగా వచ్చింది. ఒక్కో భాగం ఒక పీరియడులో పూర్తయి, సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆగేది. 1952 నుంచి 1980 దాకా పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు భాషను తేటగా ఉంచారు. ఒక్కసారి వింటే అర్థమయ్యే వాక్యాలు.

అప్పటికి నాకు ఒత్తులు కూడబలుక్కోవడమే కష్టం. వారం ఆగలేక తర్వాతేమైందని అడిగితే, మాస్టారు ఆ సంపుటం నా చేతిలో పెట్టి, “నువ్వే చదివి నాకు చెప్పు” అన్నారు. ఆ కాసిని పేజీలకు రెండు రోజులు పట్టింది. నా అంతట నేను చదివిన మొదటి కథ అదే.

ధారావాహిక రచయిత పేరు చందమామ వేసేది కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యమని ఇంజనీరునయ్యాక ఎప్పటికో తెలిసింది. 2010లో ఆయన పోయారు. ఒక్క ఉత్తరమైనా రాయలేదు. మాస్టారికీ చెప్పుకోలేదు.

స్వర్ణోత్సవ నిధితో కంప్యూటర్లు కొందామంటున్నారు. కొందాం. ఒక బీరువా నిండా పిల్లల నవలలు కూడా కొందాం. ఉపాధ్యాయులకు ఒక్క మనవి: ముందుగా ఒక భాగం పైకి చదివి చూడండి. వెనక బెంచీ “తర్వాత?” అంటే, అదే సరైన పుస్తకం.