ఉండపాకం దాటాక: వియత్నాం కేరమెల్, మన వంటింటి పాకం

వియత్నాంలో చేపలను, పంది మాంసాన్ని సన్నసెగ మీద చాలాసేపు ఉడికించే కూరలకు ఆ ఎర్రటి గోధుమ రంగు ముదురు కేరమెల్ వల్ల వస్తుంది. దక్షిణ వియత్నాంలో దాన్ని నువొక్ మావు అంటారు. మట్టిచట్టిలో చేసే చేపల కూర కా ఖో టోకూ, కొత్త సంవత్సరానికి గుడ్లతో కలిపి వండే మాంసం థిట్ ఖోకూ అదే రంగు, అదే రుచి. ఈ కేరమెల్‌కు ముఖ్యంగా కావలసినవి పంచదార, నీళ్ళు. పల్నాడు జిల్లా పెదకూరపాడులో ఏటా సంక్రాంతికి అరిసెల పాకం పట్టే చేతికి ఈ పని ఎంతవరకు తెలిసినట్టు? ఈ వ్యాసం పరిశీలించేది ఈ ప్రశ్ననే.

పాకం చెప్పేది నీటి లెక్క

అరిసెలకు మరుగుతున్న బెల్లప్పాకం చుక్కను చన్నీళ్ళ పళ్ళెంలో వేసి, వేళ్ళతో దగ్గరికి తీస్తారు. మెత్తగా ఉండ కడితే, అంటే ఉండపాకం వస్తే, పిండి కలపవచ్చు. వేరుశనగ ఉండలకైతే ఆ ముద్ద పళ్ళానికి తగిలి టంగుమనాలి, అది ముదురుపాకం. ఈ పరీక్షలు చెప్పేది పాకంలో ఇంకా ఎంత నీరు మిగిలిందో. పంచదార పాకం 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతున్నప్పుడు అందులో చక్కెర సుమారు 85 శాతం. 150 డిగ్రీలకు చేరేసరికి నీరు దాదాపు పోతుంది. అప్పటికీ చక్కెర చాలావరకు చక్కెరగానే ఉంటుంది.

కేరమెల్‌లో మారేది చక్కెరే

కేరమెల్ ఆ తరువాతి దశ. సుమారు 160 డిగ్రీలు దాటాక పంచదారలోని సుక్రోజ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. అవి నీటి అణువులను కోల్పోయి, ఒకదానితో ఒకటి చేరి గోధుమ రంగు పదార్థాలవుతాయి. వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ వంటివీ పుడతాయి. తీపి తగ్గుతూ చేదు పెరుగుతుంది. ఈ దశలో నీళ్ళ పళ్ళెం పరీక్షకు పనిలేదు. రంగు, వాసన, పొగ చూడాలి.

ఉష్ణమాపి ఉంటే చాలదా అంటే, దానిమీదే పూర్తిగా ఆధారపడలేం. సుక్రోజ్ ఒక స్థిరమైన వేడి దగ్గర కరగదనీ, విచ్ఛిన్నమవుతూ కరుగుతుందనీ, ఎంత నెమ్మదిగా వేడి చేస్తే అంత తక్కువ ఉష్ణోగ్రతకే అది మొదలవుతుందనీ అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించారు. అందుకే రెండు పొయ్యిల మీద ఒకే అంకెకు ఒకే రంగు రాకపోవచ్చు.

బెల్లంతో చేయవచ్చా

రంగు వస్తుంది, కానీ అది వేరే పదార్థం. బెల్లంలో విడి గ్లూకోజ్, ఫ్రక్టోజ్, ఖనిజాలు, కొద్దిగా మాంసకృత్తులు ఉంటాయి. ఫ్రక్టోజ్ తక్కువ వేడికే మాడుతుంది. మాంసకృత్తులతో చక్కెర కలిసి జరిగే మరో చర్య కూడా నలుపు తెస్తుంది. పైగా బెల్లం మొదటినుంచీ ముదురు రంగే కాబట్టి ఎక్కడ ఆపాలో కంటికి అందదు. మొదటిసారి చేసేవారికి తెల్ల పంచదారే మేలు.

చేసే తీరు

అడుగు మందంగా, లోపల తెల్లగా మెరిసే గిన్నెలో 100 గ్రాముల పంచదార, రెండు చెంచాల నీళ్ళు పోసి మధ్యస్థ సెగ మీద ఉంచాలి. గరిటె పెట్టకుండా గిన్నెనే తిప్పాలి. నాలుగు చుక్కల నిమ్మరసం సుక్రోజ్‌లో కొంత విడగొట్టి, మళ్ళీ పలుకు కట్టకుండా సాయపడుతుంది. తేనె రంగు, ఆపై ఎర్రరంగు దాటి కాఫీ డికాషన్ రంగుకు వస్తుండగా సన్నని పొగ లేస్తుంది. అప్పుడే దించాలి, గిన్నె వేడికి రంగు ఇంకా ముదురుతూనే ఉంటుంది. వెంటనే 60 మిల్లీలీటర్ల వేడినీళ్ళు అంచు వెంట కొంచెం కొంచెంగా పోయాలి. కేరమెల్ నీటి మరుగు స్థానం కన్నా ఎంతో వేడిగా ఉంటుంది కనుక నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై చిమ్ముతాయి. ముఖం దూరంగా ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు.

నిర్ధారణలకు హద్దులు

మన పాకానికీ వియత్నాం కేరమెల్‌కూ పాత చుట్టరికం ఉందేమో అనిపించవచ్చు. పెదకూరపాడు పక్కనే అమరావతి ఉంది. వియత్నాంలోని డాంగ్ డువాంగ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుణ్ణి అమరావతి శైలితో పోల్చినవారున్నారు, సింహళ శిల్పమన్నవారూ ఉన్నారు. శిల్పాల పోలికను వంటల వలసకు రుజువుగా తీసుకోకూడదు. అలాగే, అమోనియాతో తయారయ్యే పారిశ్రామిక కేరమెల్ రంగుల్లో ఉండే 4-మిథైల్ ఇమిడజోల్ మీద వచ్చిన ఆరోగ్యపరమైన ఆందోళనను వట్టి పంచదార కేరమెల్‌కు అంటగట్టలేం. అలాగని ఇంట్లో చేసిందంతా నిరపాయమనీ అనలేం. బాగా నల్లబడ్డది పారబోయడమే మంచిది.

పాకం పట్టిన చేతికి సెగ మీద అదుపు, గిన్నె మీద నిఘా ముందే ఉన్నాయి. ఆ నేర్పు విలువైనది. అయితే ఎక్కడ ఆపాలన్నది కొత్తగా నేర్చుకోవలసిందే. అందుకే ఈ వంటను తెలుగులో రాసేవారు ‘ముదురుపాకం రాగానే దించండి’ అనకుండా, ఏ రంగు దగ్గర దించాలో, ఎంత వేడినీరు పోయాలో స్పష్టంగా రాయాలి.