గీత్‌మాలా పద్దు

పాతపాటల రేడియో కార్యక్రమమును వినుచుండగా, వాటికి నాడు మెట్లు కట్టిన లెక్క జ్ఞప్తికి వచ్చినది. 1952లో, కేస్కర్ మంత్రిగా నుండగా, ఆకాశవాణిలో సినిమాపాటలు మూగవోయెను. ఆ యేడు డిసెంబరులోనే సిలోను రేడియోలో ‘బినాకా గీత్‌మాలా’ మొదలయ్యెను. కొంతకాలమునకు అమీన్ సయానీ గారు పాటలను జనాదరణ ననుసరించి వరుస పెట్టి వినిపింపసాగిరి.

ఆ వరుసకు తొలుత ఆధారము దుకాణములలోని రికార్డుల అమ్మకము. ఇందలి లొసుగు లెక్కలు వ్రాయువానికి వెంటనే తట్టును: సరకు నిండుకొన్న వారము, జనము మిక్కిలి కోరిన పాటయే పద్దులో సున్న యగును. అందుచేత శ్రోతల సంఘముల అభిప్రాయములను గూడ చేర్చిరి. రికార్డు కొనలేనివాని మక్కువకు అట్లు చిట్టాలో చోటు దొరికెను.

మన గ్రంథాలయపు పద్దులోనో, అడిగి లేదనిపించుకొన్న పుస్తకమునకు నేటికిని గడి లేదు.